సులువు దారిలో సున్నాలు, మధ్య దారిలో అయిదులు: నేను ఎందులో దిగాలి?

యార్క్‌షైర్ టీవై
నాది పాత యమహా టీవై175. ఇక్కడి క్లబ్బు ట్రయల్స్‌లో (కాలు నేలకు ఆనకుండా బండితో అడ్డంకులు దాటే పోటీ, తప్పుకు పాయింట్లు పడతాయి, ఎంత తక్కువైతే అంత మేలు) ట్విన్‌షాక్ క్లాసులో, అంటే వెనక రెండు షాక్‌లుండే పాత బండ్ల క్లాసులో దిగుతాను. ప్రతి సెక్షన్‌లోనూ (హద్దులు గీసిన చిన్న అడ్డంకుల ముక్క) రంగు బాణాలతో మూడు దారులు ఉంటాయి. సులువు దారిలో దాదాపు అన్నీ సున్నాలే. మధ్య దారికి మారితే కార్డు నిండా అయిదులు. పోయిన ఆదివారం వాగు దాటి తడిసిన చెట్ల వేళ్ల మీదుగా ఎడమకు తిరిగేచోట ప్రతి ల్యాప్‌లోనూ ఆగిపోయాను. లోపం బండిదా, నాదా? మళ్లీ సులువు దారికి పోవడానికి మనసొప్పడం లేదు.

పాత అబ్జర్వర్
ట్విన్‌షాక్, ప్రీ-65 (1965కి ముందటి బండ్లు) అనేవి బండి కాలాన్ని బట్టి పెట్టిన క్లాసులు. దారి మాత్రం మీ నైపుణ్యాన్ని బట్టి. ఈ రెంటినీ కలిపేసుకోకండి.

కాలు ఒకసారి ఆనితే 1, రెండుసార్లయితే 2, ఆపైన ఎన్నిసార్లయినా 3. ఆగినా, పడినా, హద్దు దాటినా 5. కార్డులో ఒకట్లు, మూడులు కలగలిసి ఉంటే ఆ దారి మీకు సరిపోయినట్టే. వరుసగా అయిదులే అయితే సెక్షన్‌లో సగం తొక్కకుండానే బయటికొస్తున్నారన్నమాట. ఇక నేర్చుకునేది ఎక్కడ?

అయినా ఆ వేళ్ల దగ్గర అయిదెందుకు? పౌరుషానికి పోయి కాళ్లు పైనే ఉంచితే బండి ఆగుతుంది. ముందే రెండు కాళ్లూ దించి, కదలిక ఆగకుండా నెట్టుకుపోతే మూడుతో సరి.

హైదరాబాద్ బుల్లెట్
మేం మిత్రులం సరదాకి శివార్లలో సెక్షన్లు గీస్తున్నాం. అర మీటరు ఎత్తు బండరాయి పెట్టవచ్చా?

పాత అబ్జర్వర్
వద్దు బాబూ. బుల్లెట్ తీసిపారేసే బండేమీ కాదు, జానీ బ్రిటన్ 1952లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది దానిమీదే. కానీ ఆనాటి సెక్షన్లు వేరు. 1965లో శామీ మిల్లర్ తేలికపాటి టూస్ట్రోక్ బండి బుల్టాకోతో అదే పోటీ గెలిచాక బరువైన ఫోర్‌స్ట్రోక్‌ల రోజులు చెల్లాయి, సెక్షన్లు కూడా బిగుసుకున్నాయి. పాత బండ్లకు కష్టం ఎత్తులో పెట్టకూడదు, పట్టులో, మలుపులో పెట్టాలి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి బండిని ఒక చుట్టు నడిపించండి. గేటు (రెండు హద్దు గుర్తుల మధ్య సందు) ఆ చుట్టుకన్నా కాస్త వెడల్పుగా ఉండాలి. ఏటవాలు ఒకటే చాలు: కొత్తవారు దాని అడుగునుంచి తిరుగుతారు, చేయి తిరిగినవారు పైనుంచి.

టీవై గారూ, వెనక టైరులో గాలి ఎంత?

యార్క్‌షైర్ టీవై
10 పీఎస్‌ఐ.

పాత అబ్జర్వర్
పదా! ఇంకా బండినీ చేతినీ అనుమానిస్తున్నారా? 5 దగ్గరికి దించండి, టైరుకు పట్టు దొరుకుతుంది. దించేముందు రిమ్ లాక్ (టైరు రిమ్ మీద జారకుండా పట్టి ఉంచే బిగింపు) బిగువుగా ఉందో లేదో చూడండి, లేకపోతే ట్యూబు వాల్వు దగ్గర చిరుగుతుంది.