రేడియోహెడ్ 'కిడ్ ఏ' నాకు ఎక్కడం లేదు, ఎలా వినాలి?

రాక్ సంగీతం బాగా వినేవాళ్లు కాస్త సాయం చేయండి. రేడియోహెడ్ బ్యాండ్ నుంచి 1997లో వచ్చిన ఆల్బమ్ 'ఓకే కంప్యూటర్' అంటే నాకు ప్రాణం. ఆ గిటార్లు వింటుంటే మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి వెళ్లినా తెలియదు. అదే ఊపులో వాళ్లదే 2000 నాటి ఆల్బమ్ 'కిడ్ ఏ' పెట్టాను. గ్రామీ వచ్చింది, విమర్శకులు ఆకాశానికెత్తేశారు. నాకేమో ఉసూరుమనిపించింది.

మొదటి పాటలో గిటారే వినపడదు. కీబోర్డు మీద అవే స్వరాలు తిరుగుతుంటాయి, బ్యాండ్ గాయకుడు థామ్ యార్క్ గొంతును ముక్కలు చేసి వెనకాల చల్లినట్టుంటుంది. టైటిల్ పాటలో ఆయన ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. 'ది నేషనల్ ఆంథెమ్'లో బేస్ అదిరింది, కానీ చివర్లో బాకాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి అరుస్తాయి. అమీర్‌పేటలో ఆ హారన్లు నాకు రోజూ ఫ్రీయే కదా! 'హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ' ఒక్కటే మనసుకు పట్టింది.

నీకు టేస్ట్ లేదంటాడు మా ఫ్రెండ్. వాడి సంగతి వదిలేయండి. దీన్ని రాత్రిపూట మంచి హెడ్‌ఫోన్స్‌తో, మొదటి నుంచి చివరిదాకా వరసగా వినాల్సిందేనా? లేక ముందు ఏఫెక్స్ ట్విన్ లాంటి కళాకారుల ఎలక్ట్రానిక్ సంగీతం అలవాటు చేసుకోవాలా? మొదట్లో నచ్చక తర్వాత నచ్చినవాళ్లుంటే, ఏ పాట దగ్గర మారారో చెప్పండి. అసలు నచ్చనేలేదన్నా సరే, చెప్పండి.