"ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది" - ఇంతకీ ఎవరి ఒళ్ళు?

కాకినాడ కాజా: మెడికల్ షాపులో, బస్సులో, ఎక్కడ విన్నా ఇదే మాటండీ, "ఆ యాంటీబయాటిక్ ఇప్పుడు పనిచెయ్యట్లేదు, ఒళ్ళు అలవాటు పడిపోయింది" అని. నిద్రమాత్రలకైతే సరే, అక్కడ అలవాటు పడేది మన ఒళ్ళే. యాంటీబయాటిక్ దగ్గర మారేది లోపలున్న బ్యాక్టీరియా కదా. పేపరోళ్ళేమో "నిరోధకత" అని రాస్తారు, రోగనిరోధక శక్తిలోనూ అదే మాట ఉండేసరికి అదేదో మంచిదే అనుకునేవాళ్ళున్నారు. వాడుకలో ఏమనొచ్చంటారు?

పాత పేపరు: "బ్యాక్టీరియా అలవాటు పడింది" అంటే పోలా?

ల్యాబు పిల్ల: పోదండీ 🙂 అలవాటు అంటే మందు తగిలాక నేర్చుకున్నట్టు. 1952లో లెడర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తల దంపతులు ఏం చేశారంటే, ప్లేటులో పెరిగిన ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద వెల్వెట్ గుడ్డ అద్ది, అదే గుడ్డని స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ల మీద అద్దారు, అన్నిట్లోనూ అదే చోట కొన్ని బతికాయి, తర్వాత అసలు మందే తగలని మొదటి ప్లేటులో సరిగ్గా ఆ చోటు నుంచి తీసి చూస్తే అక్కడ తట్టుకునేవి మిగతా చోట్లకన్నా ఎక్కువ దొరికాయి. అంటే జీనులో (జన్యువులో) మార్పు ముందే ఉంది, మందు మిగతావాటిని చంపి వీటికి జాగా ఇచ్చిందంతే. పెన్సిలిన్‌ని పాడుచేసే బ్యాక్టీరియా ఎంజైము గురించి 1940లోనే రాశారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు రోగులకి ఇంజెక్షన్లు మొదలుపెట్టిందే 1941లో!

ఓరుగల్లు పోరడు: మా దిక్కు "గోలీలు పన్జేస్తలేవు" అంటరు, ఒళ్ళు మీద నెపం పెట్టరు. గని ముందుగాలనే ఉంటే మరి అన్ని బ్యాక్టీరియాలు గట్లనే ఎందుకు లెవ్వు?

ల్యాబు పిల్ల: మంచి ప్రశ్న అన్నా. మందుని తట్టుకోవడం ఊరికే రాదు, ఖర్చుంటుంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సంగతే చూడండి (ఆ జాతిలో మొదటిది ఆరియోమైసిన్, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధన నడిపించిన లెడర్లీ అనే మందుల కంపెనీలోంచే 1948లో వచ్చింది). కొన్ని బ్యాక్టీరియాకి ఆ మందుని బయటికి తోడేసే పంపు ఉంటుంది, దాని జీను ముందు టెట్‌ఆర్ అనే ప్రోటీను కాపలా కూర్చుంటుంది, మందు లోపలికొచ్చి దానికి అతుక్కుంటేనే తప్పుకుంటుంది, అప్పుడు పంపు తయారు. ఎప్పుడూ పంపు నడిపితే ఎదుగుదల మందగించి, దండిగా తిండి దొరికి 20 నిమిషాలకోసారి రెండయ్యే పక్కవాటి ముందు వెనకబడిపోతుంది. ఇంకో గొడవ, ఇలాంటి జీన్లు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ చుట్ట మీద ఉంటే వేరే జాతి బ్యాక్టీరియాకి కూడా అందించేస్తాయి.

పాత పేపరు: అయితే "మొండి బ్యాక్టీరియా". మొండి టీబీ అని ఎలాగూ అంటున్నాం.

ల్యాబు పిల్ల: నాకైతే మొండిని వేరేవాటికి దాచుకోవాలనుంది. 1944లో బిగ్గర్ అనే ఆయన చూశాడు, పెన్సిలిన్‌లో వేసినా కొన్ని చావలేదు, తీరా వాటి పిల్లల్ని మళ్ళీ వేస్తే మామూలుగానే చచ్చాయి. జీను మారలేదన్నమాట, పెరగడం ఆపేసి మందు పోయేదాకా మెదలకుండా పడున్నాయి, మొండి అంటే అవీ.

కాకినాడ కాజా: "మందుకి లొంగనిది" అందామా మరి? "జ్వరం లొంగట్లేదు" అంటాం, "నా ఒళ్ళు మందుకి లొంగట్లేదు" అని ఎవరూ అనరుగా.

ఓరుగల్లు పోరడు: గిది మంచిగున్నది. షాపాయనకు సుత చెప్పున్రి, చీటీ లేకుండ గోలీలిచ్చేది ఆయననే.