తెరిచిన తేదీ లేని డైఇథైల్ ఈథర్ సీసా: వాడొచ్చా, పారేయాలా?

బీకర్‌బాబు అడిగారు:

సాల్వెంట్ అల్మరాలో అర లీటరు డైఇథైల్ ఈథర్ సీసా ఒకటి ఉంది. ముదురు గోధుమరంగు గాజు, ప్లాస్టిక్ మూత, లోపల మూడో వంతు దాకా మిగిలింది. తయారీ తేదీ ప్రకారం రెండేళ్లు నిండలేదు. ఎప్పుడు తెరిచారన్నది మాత్రం ఎవరూ రాయలేదు. బీహెచ్‌టీ (పెరాక్సైడ్ ఏర్పడటాన్ని నెమ్మదింపజేసే పదార్థం) కలిపినట్టు లేబుల్ మీద ఉంది. ద్రవం నీళ్లలా తేటగా ఉంది, మూత చుట్టూ ఏమీ పేరుకోలేదు.

దీనితో నీటి పొర నుంచి ప్రోడక్ట్‌ని 50 మి.లీ. చొప్పున మూడుసార్లు ఎక్స్‌ట్రాక్ట్ చేసి, మెగ్నీషియం సల్ఫేట్‌తో ఆరబెట్టి, రోటావాప్ (వాక్యూమ్‌లో సాల్వెంట్‌ని ఆవిరి చేసే యంత్రం) మీద పూర్తిగా ఆవిరి చేయాలి. ఇంత తేటగా ఉంటే పెరాక్సైడ్ (గాలి తగిలిన ఈథర్‌లో ఏర్పడే, పేలగల పదార్థం) లేదనుకోవచ్చా? పరీక్ష చేస్తే ఎంత దాకా ఫర్వాలేదు? ఉన్నట్టు తేలితే తీసేసి వాడుకోవచ్చా, లేక సీసా మొత్తం పారేయాలా?

ఫ్యూమ్‌హుడ్ జవాబు:

తేటగా ఉండటం దేనికీ రుజువు కాదండి. ఈథర్‌లో ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది. వెలుతురు తగిలితే ఇంకా తేలిక. అలా ఏర్పడిన రాడికల్ గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది, పనిలో పనిగా ఇంకో ఈథర్ అణువు నుంచి హైడ్రోజన్ లాగేసి గొలుసు కొనసాగిస్తుంది. ఈ హైడ్రోపెరాక్సైడ్ ఈథర్‌లోనే కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. కాలం గడిచేకొద్దీ ఇది ఇథిలిడీన్ పెరాక్సైడ్ పాలిమర్లుగా మారుతుంది. రాపిడికీ వేడికీ పేలేవి ముఖ్యంగా అవే. మీ సీసాలో మూడింట రెండు వంతులు గాలే ఉంది, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో అంకెల్లో చూడండి. ఈథర్ 34.6 °సె. దగ్గరే మరిగి పోతుంది, పెరాక్సైడ్ మాత్రం ఫ్లాస్కులోనే ఉండిపోతుంది. లీటరుకి 100 మి.గ్రా. పెరాక్సైడ్ ఉన్న ఈథర్‌ని 150 మి.లీ. తీసుకున్నారనుకోండి. అందులో ఉన్నది 15 మి.గ్రా. మాత్రమే. అదే ఫ్లాస్కులో 1 మి.లీ. మిగిలేదాకా ఆవిరి చేస్తే గాఢత 150 రెట్లు పెరిగి 1.5 శాతానికి చేరుతుంది. మీరు అక్కడితో ఆగకుండా "పూర్తిగా" ఆవిరి చేస్తానంటున్నారు.

పరీక్షకి ముందు సీసాని కదపకుండా వెనక నుంచి టార్చి వేసి చూడండి. స్ఫటికాలు, మసక, అడుగున జిగట పొర, మూత మరల దగ్గర తెల్లటి పొడి, వీటిలో ఏది కనపడినా మూత తిప్పొద్దు, సీసా జరపొద్దు. మర దగ్గర చిక్కుకున్న స్ఫటికానికి మూత తిప్పే రాపిడి చాలు. తలుపు వేసి, ఎవరూ ముట్టుకోకుండా కాగితం అంటించి సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పండి. మూత బిగుసుకుపోయి రాకపోయినా అంతే, బలం వాడకూడదు.

మీరు చెప్పినట్టు ఏమీ లేకపోతే, సేఫ్టీ ఆఫీసర్‌కి ఒక మాట చెప్పి, హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే అరలో) షీల్డ్ వెనక నెమ్మదిగా తెరిచి, చిన్న డ్రాపర్‌తో 2 మి.లీ. తీయండి. పరీక్ష రెండు రకాలుగా చేయొచ్చు.

పెరాక్సైడ్ టెస్ట్ స్ట్రిప్ (చివర రంగు మారే మెత్త ఉన్న పట్టీ) అయితే ఒక సెకను ముంచి తీసి, ఈథర్ ఎగిరిపోయేదాకా గాలిలో ఆడించండి. తర్వాత మెత్తను డిస్టిల్డ్ వాటర్‌తో తడపాలి, లేదా దాని మీద నాలుగైదుసార్లు నోటి ఆవిరి ఊదాలి. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. మెత్తలో ఉన్నది పెరాక్సిడేజ్ ఎంజైమ్, తేమ తగలకపోతే అది పనిచేయదు. పొడి స్ట్రిప్ తెల్లగానే ఉంటుంది, పెరాక్సైడ్ ఉన్నా సరే. తడిపాక నీలం వస్తుందేమో చూసి, డబ్బా మీద రాసిన సమయానికి రంగు పోల్చండి. స్ట్రిప్పులు పాతవైతే ముందు వాటినే పరీక్షించాలి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 1 మి.లీ. తీసి లీటరు నీళ్లలో కలిపితే లీటరుకి సుమారు 30 మి.గ్రా. ద్రావణం వస్తుంది. దానికి కూడా రంగు రాకపోతే ఆ డబ్బా పనికిరాదు.

అయొడైడ్ పరీక్షకి 1 మి.లీ. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌లో 1 మి.లీ. ఈథర్ కలిపి, అప్పటికప్పుడు చేసిన 5 శాతం పొటాషియం అయొడైడ్ ద్రావణం కొన్ని చుక్కలు వేయండి. లేత పసుపు వస్తే కొద్దిగా ఉన్నట్టు, గోధుమరంగు వస్తే బాగా ఉన్నట్టు. పక్కనే ఈథర్ లేకుండా ఒక బ్లాంక్ పెట్టడం తప్పనిసరి. యాసిడ్‌లో ఉన్న అయొడైడ్‌ని గాలి కూడా పసుపు చేస్తుంది, కాబట్టి ఒక నిమిషంలోపే చూసేయాలి. ఒక పరిమితి ఉంది: ఈ పరీక్ష హైడ్రోపెరాక్సైడ్‌ని బాగా పట్టుకుంటుంది గానీ, పాలిమర్ పెరాక్సైడ్లను సరిగా పట్టుకోదు. బాగా పాత సీసాలో "ఏమీ లేదు" అని వచ్చినా పూర్తిగా నమ్మకూడదనేది అందుకే.

ఎక్కువ ల్యాబులు పాటించే హద్దులు ఇవి: లీటరుకి 25 మి.గ్రా. లోపు ఉంటే మామూలు పనులకి వాడొచ్చు. 25 నుంచి 100 మధ్య ఉంటే డిస్టిలేషన్‌కీ ఆవిరి చేయడానికీ పనికిరాదు, ముందు పెరాక్సైడ్ తీసేయాలి. 100 దాటితే పారేయడానికే. మీ పని చివరిదాకా ఆవిరి చేయడం కాబట్టి 25 హద్దు మీకు వర్తించదనే నా అభిప్రాయం. స్ట్రిప్ మీద రంగే రాకూడదు.

సాల్వెంట్‌షెల్ఫ్ జవాబు:

పరీక్ష గురించి పైన చెప్పిందంతా సరే. కానీ ఇక్కడ మిగిలింది 170 మి.లీ. మించదు, తెరిచిన తేదీ తెలియదు. శుద్ధి చేసి వాడుకోవాల్సినంత విలువైన సాల్వెంట్ కాదిది. పరీక్ష చేసి, వచ్చిన అంకెనీ తేదీనీ సీసా మీద రాసి వేస్ట్‌కి పంపి, కొత్త సీసా తెరవండి. సింక్‌లో పోయకండి. ఆవిరి గొట్టంలో నిలిచి ఎక్కడో దూరాన అంటుకుంటుంది. వేస్ట్ డబ్బాలో వేరే సాల్వెంట్లతో కలిపేస్తే ఆ డబ్బాలో పెరాక్సైడ్ ఎంతుందో తర్వాత ఎవరికీ తెలియదు, కాబట్టి విడిగానే ఇవ్వండి.

పద్ధతి తెలియాలి కాబట్టి రాస్తున్నా, ఇది తక్కువ మోతాదులో ఉన్నప్పటికే. 110 మి.లీ. నీళ్లలో 6 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని మెల్లగా కలిపి (నీళ్లలోకి యాసిడ్, తిరగేసి కాదు), అందులో 60 గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ కరిగించండి. లీటరు ఈథర్‌కి ఈ ద్రావణం 10-20 మి.లీ., కొంచెం నీళ్లతో పలచన చేసి సెపరేటింగ్ ఫనెల్‌లో కలపాలి. ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారుతుంది, హైడ్రోపెరాక్సైడ్ విరిగిపోతుంది. తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మళ్లీ పరీక్ష. ద్రావణం అప్పటికప్పుడు చేసిందే ఉండాలి, నిలవ ఉంటే గాలికే ఫెర్రిక్ అయిపోతుంది.

యాక్టివేటెడ్ అల్యూమినా కాలమ్ ఇంకో దారి. దీనికి నీళ్లు అక్కర్లేదు. కానీ అల్యూమినా పెరాక్సైడ్‌తో పాటు బీహెచ్‌టీని కూడా పట్టేసుకుంటుంది. కాలమ్ దిగిన ఈథర్‌కి రక్షణ ఉండదు, అదే రోజు వాడేయాలి లేదా మళ్లీ బీహెచ్‌టీ కలపాలి. వాడిన అల్యూమినాలో పెరాక్సైడ్ చిక్కుకుని ఉండొచ్చు కాబట్టి దాన్ని ఎండబెట్టి చెత్తబుట్టలో వేయకూడదు, ముందు ఆమ్లం కలిపిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణంతో తడపాలి. డిస్టిల్ చేసినా అదే గొడవ: బీహెచ్‌టీ ఆవిరి కాదు, అడుగునే ఉండిపోతుంది.

కాలమ్‌కబుర్లు జవాబు:

అందరూ పెరాక్సైడ్ దగ్గరే ఆగిపోయారు. కొత్త సీసాతో కూడా ల్యాబు తగలబడొచ్చు. ఈథర్ ఫ్లాష్ పాయింట్ (రవ్వ తగిలితే ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) మైనస్ 45 °సె. గాలిలో 1.9 శాతం నుంచి 36 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. దానంతట అది అంటుకునే ఉష్ణోగ్రత సుమారు 160-180 °సె. అంటే మంటా నిప్పురవ్వా అక్కర్లేదు, పక్క బెంచి మీద వేడెక్కిన హాట్‌ప్లేట్ పళ్లెం చాలు. ఆవిరి గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి బెంచి మీదుగా పాకి అక్కడిదాకా వెళ్తుంది. హుడ్‌లో హాట్‌ప్లేట్ ఆపేశాం కదా అనుకోకండి, పళ్లెం చల్లారడానికి సమయం పడుతుంది.

ఎక్స్‌ట్రాక్షన్ దగ్గర: నీటి పొర గోరువెచ్చగా ఉండగా ఈథర్ పోస్తే ఫనెల్‌లోనే మరుగుతుంది. ముందు ఐస్ బాత్‌లో చల్లార్చండి. మొదటిసారి కుదపకుండా ఒక్కసారి తలకిందులు చేసి, కాడను హుడ్ లోపలి వైపు తిప్పి కుళాయి తెరిచి గాలి వదలండి, ఆ తర్వాతే కుదపండి. బైకార్బొనేట్‌తో కడిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా తోడవుతుంది, ఇంకా తరచుగా వదలాలి.

రోటావాప్ దగ్గర బాత్ 35-40 °సె. మించక్కర్లేదు, వాక్యూమ్ చాలా మెల్లగా పెంచండి. ఒక్కసారిగా ఇస్తే ద్రవం ఎగజిమ్ముతుంది, ఆవిరి కండెన్సర్‌లో చల్లబడకుండానే పంపులోకి పోతుంది. కూలెంట్ 0-5 °సె. దగ్గర ఉండాలి, మామూలు కుళాయి నీళ్లు చాలవు. పలుచని నైట్రైల్ గ్లవ్స్ ఈథర్‌ని ఎక్కువసేపు ఆపవు, ఒలికితే వెంటనే మార్చండి. నిప్పంటుకుంటే కార్బన్ డయాక్సైడ్ లేదా డ్రై పౌడర్ సిలిండర్. నీళ్లు చల్లితే ఈథర్ పైకి తేలి మంట పరుచుకుంటుంది.

బీకర్‌బాబు:

పరీక్ష చేసి వేస్ట్‌కే పంపిస్తాను. ఇంకో రెండు సందేహాలు. కొత్త సీసాని ఫ్రిజ్‌లో పెడితే పెరాక్సైడ్ ఆగుతుందా? బీహెచ్‌టీ లేని టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్, ఇంకో ఈథర్ రకం సాల్వెంట్) సీసా కూడా ఒకటి తెరిచి ఉంది, దానికీ ఇదే పద్ధతా?

ఫ్యూమ్‌హుడ్ జవాబు:

మామూలు ఫ్రిజ్‌లో ఈథర్ పెట్టనే కూడదు. లోపలి దీపం స్విచ్, థర్మోస్టాట్ రవ్వలు వేస్తాయి, మూత కొంచెం వదులైనా ఆవిరి లోపలే నిండిపోతుంది. మండే ద్రవాల కోసం చేసిన ఫ్రిజ్ అయితే పెట్టొచ్చు గానీ, చల్లదనం ఆక్సీకరణాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. వెలుతురు తగలని చోట, గట్టిగా మూసి, వీలైతే పైన ఖాళీలో నైట్రోజన్ నింపి పెట్టడం అంతకన్నా మేలు.

టీహెచ్‌ఎఫ్‌కి పరీక్ష అదే. అది ఈథర్ అంత వేగంగా ఎగరదు కాబట్టి స్ట్రిప్ తడిపేముందు ఇంకాస్త ఆగండి. ఫెర్రస్ సల్ఫేట్ కడుగు మాత్రం కుదరదు, టీహెచ్‌ఎఫ్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది. అల్యూమినానే వాడాలి. పెరాక్సైడ్ ఉందేమో చూడకుండా టీహెచ్‌ఎఫ్‌ని ఘన పొటాషియం హైడ్రాక్సైడ్ మీద ఆరబెట్టొద్దు, పేలుళ్లు జరిగాయి. సోడియం, లిథియం అల్యూమినియం హైడ్రైడ్ వేసేముందు కూడా అదే జాగ్రత్త.

అల్మరా వెతుకుతున్నప్పుడు డైఐసోప్రొపైల్ ఈథర్ కనపడితే దాన్ని ఈ రెండింటితో సమానంగా చూడకండి. ఈథర్, టీహెచ్‌ఎఫ్ సాధారణంగా గాఢత పెరిగినప్పుడే ప్రమాదం. ఐసోప్రొపైల్‌లో రెండు వైపులా ఉన్న కార్బన్లు ఇంకా సులువుగా ఆక్సీకరణం చెందుతాయి, ఏమీ ఆవిరి చేయకుండానే సీసాలో స్ఫటికాలు కట్టి పేలగలదు. అడుగున రాయిలా గడ్డకట్టినది కనపడితే సీసా ముట్టుకోకుండా గదిలోంచి బయటికి రండి.

సాల్వెంట్‌షెల్ఫ్ జవాబు:

కొత్త సీసా లేబుల్ మీద మూడు గడులు గీయండి: వచ్చిన తేదీ, తెరిచిన తేదీ, పరీక్ష ఫలితం. బీహెచ్‌టీ ఉన్న ఈథర్ తెరిచాక మూడు నెలలకోసారి పరీక్ష, ఆవిరి చేసే పని ఉంటే ఆ రోజే మళ్లీ ఒకటి. బీహెచ్‌టీ లేని టీహెచ్‌ఎఫ్‌ని మూడు నెలలు ఆగనివ్వకండి, ప్రతి వాడకానికి ముందూ చూడండి. రాయడం పెన్సిల్‌తో చేయండి, పెన్ను సిరాని కారిన సాల్వెంట్ చెరిపేస్తుంది. మూత మీద రాయొద్దు, మూతలు ఒక సీసావి ఇంకో సీసాకి మారిపోతుంటాయి.