సినగాగ్‌లో దగ్గుతూ కూడా మాస్కు పెట్టుకోనివాళ్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న (సబా_కేర్‌గివర్):
ఇజ్రాయెల్‌లో 86 ఏళ్ల పెద్దాయనను చూసుకుంటున్నాను. ఆయనకు సీఓపీడీ (ఊపిరి సరిగా ఆడనివ్వని ఊపిరితిత్తుల జబ్బు) ఉంది. ప్రతి షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలై శనివారం రాత్రి ముగిసే యూదుల విశ్రాంతి దినం) పొద్దున వీల్‌చైర్‌లో సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, తీసుకెళ్లాలి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు రావద్దని, వస్తే మాస్కు పెట్టుకోవాలని గుమ్మం దగ్గర నోటీసు అంటించారు. ఇద్దరు దాన్ని పట్టించుకోరు, వచ్చి సబా (హీబ్రూలో తాత, అంటే ఆ పెద్దాయన) పక్క వరసలోనే కూర్చుంటారు. నేను యూదుణ్ణి కాను, పైగా పరాయి దేశంవాణ్ణి. ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి?

జవాబు (పదో_మనిషి):
ఆ ఇద్దరితో మీరు మాట్లాడకండి. అది గబ్బాయ్ పని, అంటే సినగాగ్ ఏర్పాట్లు చూసే పెద్దమనిషి పని. ఆయనకైనా ప్రార్థన మధ్యలో చెప్తే లాభం లేదు. బారూఖ్ షెఅమర్ (పొద్దుటి ప్రార్థన మొదట్లో వచ్చే స్తుతి) మొదలయ్యాక అమీదా (నిలబడి చెప్పే ప్రధాన ప్రార్థన) ముగిసేదాకా మాట్లాడకూడదు కాబట్టి మహా అయితే చేత్తో సైగ చేస్తాడు. సబా కొడుకో కూతురో గురువారమే ఆయనకు ఫోన్ చేస్తే మంచిది. "వాళ్లను మందలించండి" అని అడిగితే ఆయన ఇబ్బంది పడతాడు. "నాన్నకు ఊపిరితిత్తుల జబ్బు, వాళ్ల కుర్చీలు దూరంగా వేయించండి" అంటే చేయగలిగిన పని చేతికిచ్చినట్టు.

అసలు చిక్కు వేరే ఉంది. ఆర్థడాక్స్ (సంప్రదాయ) సినగాగ్‌లో మిన్యాన్‌కు, అంటే సామూహిక ప్రార్థనకు కావాల్సిన కనీస సంఖ్యకు, 13 ఏళ్లు నిండిన మగవాళ్లు 10 మంది కావాలి. దగ్గేవాడే పదోవాడైతే గబ్బాయ్ నోరు మెదపలేడు. అతను వెళ్లిపోతే బారెఖూ (ప్రార్థనకు పిలుపు) లేదు, కదీష్ (దేవుణ్ణి స్తుతించే ప్రార్థన, పోయినవాళ్ల కోసమూ చెప్తారు) లేదు, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) పఠనం లేదు. చిన్న సినగాగుల్లో నియమం నీరుగారిపోయేది ఇక్కడే. అందుకే 12, 13 మంది వచ్చేలా శుక్రవారమే కబురు పెట్టుకోవాలి. పదిమందితో మొదలుపెట్టిన భాగాన్ని మధ్యలో కొందరు వెళ్లిపోయినా, ఆరుగురు మిగిలితే పూర్తి చేయొచ్చు. తర్వాతి భాగం మాత్రం మొదలుపెట్టలేరు. కాబట్టి మనిషిని కదిలించాలంటే బారెఖూకు ముందే కదిలించాలి.

ఇంటికి పంపేయాల్సిన పని కూడా లేదు. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం షుల్హాన్ అరూఖ్ (ఓరఖ్ హయీమ్ 55:14) ప్రకారం సినగాగ్ బయట నిలబడి, కిటికీలోంచి లోపలివాళ్లకు ముఖం కనబడేలా ఉన్నవాడూ పదిమందిలో లెక్కే. వరండాలో కిటికీ దగ్గర ఒక కుర్చీ వేసి, "మీరు ఇక్కడినుంచే మాతో ఉన్నట్టు" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

జవాబు (గుంటూరు_పాఠకురాలు):
పై మాటకు ఒకటి కలుపుతాను. జ్వరంతోనైనా వచ్చేవాళ్లలో తల్లో తండ్రో పోయి, 11 నెలలు కదీష్ చెప్పుకోవాల్సినవాళ్లు ఉంటారు. "రావద్దు" అన్న మాట వాళ్లకు "మీ నాన్నకు కదీష్ వద్దు" అన్నట్టు వినిపిస్తుంది. కిటికీ దగ్గరనుంచే కదీష్ చెప్పొచ్చని ముందుగా ఆ మాటే చెప్పాలి. అదీ పక్కకు పిలిచి. నలుగురిలో ఒకరిని అవమానించడం రక్తం చిందించడంతో సమానమని యూదు గురువుల చర్చల ప్రాచీన గ్రంథం తాల్ముద్ (బావా మెట్సియా 58బి) అంటుంది.

ఇక "దేవుడి ఇంట్లో ఈ నియమాలేమిటి" అనేవాళ్లకు చెప్పడానికి పాత ఉదాహరణ ఉంది. 1831లో కలరా వచ్చినప్పుడు పోజెన్ (ఇప్పటి పోలండ్‌లోని పోజ్నాన్) రబ్బీ, అంటే మతగురువు, అకివా ఐగర్, ఒక విడతకు 15 మందికి మించకుండా వంతులవారీగా ప్రార్థించాలని, ఎక్కువమంది దూరకుండా అవసరమైతే పోలీసుల సాయం తీసుకోమని రాశారు. ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమన్న ద్వితీయోపదేశకాండం 22:8 కూడా ఇదే కోవలోది. ఎవరైనా పడే ప్రమాదం ఉంటే ముందే అడ్డు కట్టమనేగా.

జవాబు (నర్సు_హైఫా):
మీ చేతిలో ఉన్నవి చెప్తాను. వీల్‌చైర్ నడవలో ఉంచకండి. తోరా చుట్టను తీసుకెళ్లేటప్పుడు అందరూ అక్కడికే ఎగబడి, ప్రార్థన శాలువా అంచుతో తాకి ముద్దుపెట్టుకుంటారు. తెరిచిన కిటికీ పక్కన, వెనక తలుపుకు దగ్గరగా ఉంచండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. అందుకే కిటికీ ముఖ్యం. హెపా (సూక్ష్మకణాలను పట్టే) ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే శుక్రవారం సాయంత్రం షబ్బాత్ దీపాలు వెలిగించకముందే ఆన్ చేయించండి, షబ్బాత్‌లో వాళ్లు స్విచ్ ముట్టుకోరు. ప్రార్థన అయ్యాక జరిగే కిద్దూష్ విందుకు ఆగకండి. మాస్కుల్లేకుండా దగ్గరదగ్గరగా నిలబడి తింటూ మాట్లాడుకునే సమయం అది.

మీరు ఎన్-95 పెట్టుకోండి. సబాకు అది పెడితే ఊపిరి ఆడకపోవచ్చు, ఆయన డాక్టర్ని అడగకుండా పెట్టకండి.

సబా_కేర్‌గివర్:
ఈ వారం గబ్బాయ్ ఏమీ చేయకపోతే?

నర్సు_హైఫా:
ఈ షబ్బాత్ ఇంట్లోనే. ఆరోగ్యం బాగాలేనివాళ్లకు మిన్యాన్ బాధ్యత లేదు. సినగాగ్‌లో ప్రార్థన జరిగే వేళకే ఇంట్లో చెప్పుకోమనండి, కదీష్, బారెఖూ, తోరా పఠనం, కెదుషా (అమీదాను బిగ్గరగా మళ్లీ చెప్పేటప్పుడు అందరూ కలిసి చెప్పే భాగం) లాంటివి తప్ప మిగతావన్నీ ఒంటరిగా చెప్పుకోవచ్చు. షబ్బాత్ పొద్దుటి ప్రార్థన రెండు గంటలకు పైనే సాగుతుంది. వారం మధ్యలో మధ్యాహ్న ప్రార్థన మిన్‌హాకు తీసుకెళ్తే 15, 20 నిమిషాల్లో అయిపోతుంది, మిన్యాన్ కూడా దక్కుతుంది. ఆయాసం పెరిగితే మాత్రం షబ్బాత్ అని చూడకండి, ఎవరి అనుమతికీ ఆగకుండా 101కి (ఇజ్రాయెల్‌లో అంబులెన్స్ నంబరు) ఫోన్ చేయండి. ప్రాణాపాయంలో యూదులూ ఫోన్ చేయాల్సిందే.