మన వార్త పేపర్లో వచ్చిన రోజు మీ ఇంట్లో ఏం జరిగింది? (నల్లగొండ, పాలమూరు వాళ్ళు చెప్పండి)

పానగల్_గాలి (నల్లగొండ)

నాకు 36 ఏళ్ళు. నేను గే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఇంట్లో చెప్పలేదు.

మా నాయిన రోజూ పొద్దున పేపర్ గట్టిగా చదువుతాడు, అమ్మ వంట చేస్తూ వింటుంది. మెయిన్ పేపర్ పక్కన పెట్టి ముందు జిల్లా పేజీలే తీస్తాడు. వడ్ల ధర, సాగర్ నీళ్ళు, ఎక్కడ యాక్సిడెంట్ అయింది, ఇవన్నీ అయ్యాకే మిగతావి. 2018 సెప్టెంబరు 7న మాత్రం మొదటి పేజీలోనే మన వార్త ఉంది. ముందు రోజే సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీలు ఒక్క మాటగా తీర్పు చెప్పారు: వయసొచ్చిన ఇద్దరు, ఇద్దరూ మగవాళ్ళైనా ఆడవాళ్ళైనా, ఇష్టపడి కలిసి ఉంటే 377 సెక్షన్ కింద నేరం కాదని. నాయిన రెండు లైన్లు చదివి ఆగిపోయాడు. "ఏందది?" అని అమ్మ అడిగితే "ఏం లేదు, పట్నపోళ్ళ ముచ్చట" అని పేజీ తిప్పాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి, నల్లా తిప్పి ఏడ్చాను. సంతోషంతోనే. అప్పటికి నేనూ, నేను ప్రేమించినవాడూ కలిసి రెండేళ్ళు.

ఎనిమిది రోజులు తిరగకముందే, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఆ ప్రణయ్ పరువు హత్య జరిగింది. ఆస్పత్రి బయట, కడుపుతో ఉన్న భార్య చూస్తుండగానే నరికేశారు. కులం వేరైనందుకు. కోర్టు నేను నేరస్థుణ్ణి కాదన్న వారంలోనే, చట్టం ఒప్పుకునే పెళ్ళి చేసుకున్న ఆడ, మగ జంటను కూడా మా దగ్గర బతకనివ్వరని తెలిసింది. ఆ రోజు నుంచి తను మిల్లు దగ్గరికి రావడం మానేశాడు. నేనే రావద్దన్నాను.

2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరి, మిగతావాళ్ళకు యావజ్జీవం వేసింది. నాయిన ఆ వార్త మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా చదివాడు. చదివి, కళ్ళద్దాలు తీసి, "ప్రేమించుకుంటే సంపుతరా?" అన్నాడు. ఆ మాట నా కోసం కాదని నాకు తెలుసు. అయినా దాచిపెట్టుకున్నాను.

మీ ఇంట్లో ఏమైందో రాయండి. చిన్నదైనా సరే.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)

అన్నా, నేను ఇక్కడి కోర్టులో జూనియర్ లాయర్‌ని. మా ఇంట్లో వచ్చింది వేరే వార్త. 2021 డిసెంబరులో హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ ఇంట్లోవాళ్ళ మధ్య పెళ్ళి వేడుక చేసుకున్నారు కదా, ఆ ఫొటో టీవీలో వచ్చింది. అమ్మ బియ్యం ఏరుతూ చూసింది. తిడుతుందేమోనని నేను బిగుసుకుని కూర్చున్నాను. అమ్మ అడిగింది ఒకటే: "ఆ పిలగాండ్ల తల్లులు గూడ అచ్చిన్రా?" వచ్చారని చెప్పాను. "అయితే మంచిదే" అని మళ్ళీ బియ్యంలోకి చూసింది. ఇప్పటికీ అమ్మతో ఈ సంగతి మాట్లాడలేదు, కానీ మాట్లాడొచ్చని ఆ రోజు తెలిసింది.

ఆ ఇద్దరే తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పు వాళ్ళ పేరు మీదే ఉంది. పెళ్ళి హక్కు ఇవ్వలేమన్నారు. మళ్ళీ ఒకసారి చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. ఆ రోజు నేను కోర్టు యూనిఫామ్‌లోనే గడియారం చౌరస్తా దాకా నడిచి వెళ్ళి, ఏం చేయాలో తోచక తిరిగి వచ్చాను.

పాత_బస్టాండ్ (మహబూబ్‌నగర్ జిల్లా)

తమ్ముళ్ళూ, నాకు 54. మా రోజుల్లో ఫోన్లు లేవు, యాప్‌లు లేవు. బస్టాండ్ వెనక, సినిమా హాలు దగ్గర చూపులతోనే గుర్తుపట్టుకునేవాళ్ళం. నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని మొదట చెప్పింది హెచ్‌ఐవీ ప్రోగ్రాంలో పనిచేసే ఒక అబ్బాయి. నిరోధ్ ప్యాకెట్లు ఇస్తూ మమ్మల్ని ఎంఎస్‌ఎం (మగవాళ్ళతో కలిసే మగవాళ్ళు) అని రాసుకునేవాడు. పేరు కాదది, మూడు అక్షరాలు. అయినా ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకున్నారు కదా అనిపించింది.

మా ఇంట్లో వార్త రాలేదు. వచ్చింది పెళ్ళి సంబంధం. చెర్వుగట్టు గుడిలో అమావాస్య నిద్ర చేయించారు, మంచి సంబంధం కుదరాలని. కుదిరింది. ఇద్దరు పిల్లలు. నా భార్య మంచిది. ఆమెకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

ఏరు_అవతల (నాగర్‌కర్నూల్)

నేను ఆడదాన్ని, ఇక్కడ రాయొచ్చో లేదో. పెద్దాయన రాసింది చదివాక ఆగలేకపోయాను. నా పెళ్ళి కూడా అట్లాంటిదే. నాలుగేళ్ళు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. సన్నగా లేనేమో, నలుపు అనేమో అనుకుని ఎన్ని మందులు మింగానో. చివరికి ఆయనే ఏడుస్తూ చెప్పాడు. కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది, కానీ ఆయన మీద కన్నా ఆయన్ని బలవంతంగా నా ముందు కూర్చోబెట్టినవాళ్ళ మీద ఎక్కువ. మేము విడిపోయాం. ఆయన ఇప్పుడు బెంగళూరులో ఒకరితో ఉంటున్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు.

పెద్దాయనా, మిమ్మల్ని తిట్టడానికి కాదు. మీ భార్యకు తెలుసో లేదో తెలియదన్నారు. ఆమె రాత్రులు ఏం ఆలోచిస్తుందో నాకు తెలుసు.

పాత_బస్టాండ్

అమ్మా, నీ మాట రెండుసార్లు చదివాను. జవాబు లేదు. ఆమెతో కూర్చుని మాట్లాడాలి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

గద్వాల_అంచు (హైదరాబాద్‌లో ఉద్యోగం)

నాకు పేపర్ వాళ్ళు వాడే మాట గురించి చెప్పాలి. "స్వలింగ సంపర్కులు" అంటారు. మనం ఒకరికి అన్నం వడ్డించినా, జ్వరం వస్తే పక్కన కూర్చున్నా, ఆ మాటలో మంచం తప్ప ఏమీ లేదు. మా అక్కకు ఆ పదంతో నన్ను ఊహించుకోవడమే కష్టమైంది. "స్వలింగ ప్రేమికుడు అనుకో అక్కా" అన్నాక తేలిగ్గా మాట్లాడింది.

ప్రైడ్, అంటే మనవాళ్ళంతా వీధిలో కలిసి నడిచే రోజు, దాని గురించి కూడా. హైదరాబాద్‌లో మొదటి ప్రైడ్ 2013లో జరిగింది. నేను వెళ్ళింది చాలా ఏళ్ళ తర్వాత. ఊరి నుంచి వస్తూ ఆరాంఘర్‌లో బస్సు దిగి, సిటీ బస్సు ఎక్కి, దస్తీ ముఖానికి కట్టుకుని నడిచాను. కెమెరా కనిపిస్తే చాలు తల దించేవాణ్ణి, గద్వాల ఎడిషన్‌లో పడుతుందేమోనని. నా ముందు నడుస్తున్న ట్రాన్స్ అక్కలు దస్తీలు కట్టుకోలేదు. డప్పు కొడుతుంటే ఆడుతున్నారు. నిజాం కాలం నాటి ఒక చట్టం, 1329 ఫస్లీది (అంటే 1919), వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్‌లో రాయించేది. అది చెల్లదని తెలంగాణ హైకోర్టు చెప్పింది 2023 జులైలో. పిటిషన్ వేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిందీ వాళ్ళే. మనం ప్యాంటూ చొక్కా చాటున దాక్కున్నంత కాలం, కనిపించిన ప్రతి దెబ్బ వాళ్ళే తిన్నారు. మనలో కొందరు ఇంకా "మేం వాళ్ళలాగా కాదు" అంటారు. దయచేసి అనకండి.

ఆ రోజు నడక అయిపోయాక దస్తీ తీసి జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ కట్టలేదు.

పానగల్_గాలి

అందరికీ దండాలు. నా సంగతి ఇంకొంచెం. పోయిన ఏడాది తనకు బైక్ యాక్సిడెంట్ అయింది. కాలు విరిగింది. ఆపరేషన్ కాగితం మీద సంతకానికి కౌంటర్‌లో "మీరేమవుతారు?" అని అడిగారు. తొమ్మిదేళ్ళ నుంచి కలిసి ఉన్న మనిషికి నేనేమవుతాను? "అన్నను" అన్నాను. సంతకం పెట్టనివ్వలేదు, తమ్ముడైతే ఇంటిపేరు ఒకటే ఉండాలి కదా అన్నారు. వాళ్ళ బావ దేవరకొండ నుంచి వచ్చేదాకా మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. తను నొప్పితో పళ్ళు బిగబట్టి నన్నే చూస్తున్నాడు.

పిల్లలమర్రి తమ్మీ, దీనికేమైనా దారి ఉందా?

పిల్లలమర్రి_నీడ

పెళ్ళి అంత కాదు కానీ కొన్ని ఉన్నాయి అన్నా. 2024 ఆగస్టులో కేంద్రం స్పష్టం చేసింది: మనవాళ్ళు జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చు. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడాలని కూడా రాష్ట్రాలకు రాశారు. దగ్గరి బంధువులు లేనప్పుడు శవాన్ని భాగస్వామికి ఇవ్వాలనీ ఉంది. బతికున్నప్పుడు సంతకం కన్నా చచ్చాక శవం ముందు దొరకడం నాకు చాలా బాధ అనిపించింది. అయినా మీరిద్దరూ విల్లు రాసుకోండి, ఒకరికొకరు పవర్ ఆఫ్ అటార్నీ రాసుకోండి. ఆస్పత్రిలో అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పలేను, కానీ ఉత్త చేతులతో నిలబడటం కంటే మేలు.

కొత్తోడు_20

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను నల్లగొండలో డిగ్రీ చదువుతున్నా. మొన్న యాప్‌లో ఒకతను కలుద్దామన్నాడు. బైపాస్ దగ్గరికి వెళ్తే ఇంకో ఇద్దరు వచ్చి ఫోన్ గుంజుకుని వీడియో తీశారు. 8,000 కొట్టించుకున్నారు. ఇప్పుడు ఇంకో 20,000 అడుగుతున్నారు, లేకపోతే మా ఊరి వాట్సాప్ గ్రూప్‌లో పెడతారట, పోలీసులకు పట్టిస్తారట. నాయిన బొంబాయిలో కూలి పని చేస్తాడు. నాకు బతకాలని లేదు.

పిల్లలమర్రి_నీడ

తమ్మీ, ముందు ఇది విను. నువ్వేం తప్పు చేయలేదు. పట్టించడానికి అక్కడ సెక్షనే లేదు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహితలో, 377 లాంటిదే లేదు. బెదిరించి డబ్బులు గుంజడం మాత్రం 308 కింద నేరం. నేరం చేసింది వాళ్ళు.

ఒక్క రూపాయి కూడా పంపకు. ఇస్తే ఆగరు. మెసేజ్‌లు, వాళ్ళ నంబర్లు, డబ్బు పంపిన వివరాలు స్క్రీన్‌షాట్ తీసి ఇంకొకరికి పంపి ఉంచు. సైబర్ మోసాల నంబర్ 1930కి ఇప్పుడే ఫోన్ చేసి పోయిన 8,000 సంగతి చెప్పు. స్టేషన్‌లో నువ్వెవరివో చెప్పాల్సిన పని లేదు, ఫోన్ గుంజుకుని, వీడియో తీసి, డబ్బు కొట్టించుకున్నారని చెప్తే చాలు. ఒంటరిగా మాత్రం వెళ్ళకు. ఉచిత లాయర్ కోసం 15100 ఉంది. ఈ రాత్రి గడవడం కష్టంగా ఉంటే మనసు బాగోలేనివాళ్ళ కోసం ఉన్న 14416కి చెయ్, తెలుగులోనే మాట్లాడతారు, ఎప్పుడైనా ఎత్తుతారు.

పానగల్_గాలి

తమ్మీ, నా నంబర్ నీకు పర్సనల్ మెసేజ్‌లో పెట్టాను. నేను ఊళ్ళోనే ఉన్నా. ఇప్పుడే చెయ్. ఎంత రాత్రైనా సరే.

కొత్తోడు_20

చేస్తున్నా అన్నా.

ఏరు_అవతల

బిడ్డా, తెల్లారి ఎట్లున్నవో ఒక్క మాట రాయి. చూస్తుంటా.

పానగల్_గాలి

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. పొద్దున ఇద్దరం కలిసి వెళ్ళాం. మొదట ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన అతన్ని పక్కకు పంపి ఫిర్యాదు రాసుకున్నాడు. 1930లో రాత్రే నమోదైంది. వీడియో ఇంకా ఎక్కడా రాలేదు. రాదని చెప్పలేం.

తిరిగి వస్తూ వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాను, నిన్నటి నుంచి ఏమీ తినలేదట. "ఎవరు బిడ్డా?" అని నాయిన అడిగాడు. "మనోడే" అన్నాను. అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. నాయినకు ఈ మధ్య చూపు ఆనడం లేదు. జిల్లా పేజీ తీసి వాడి చేతికిచ్చి, "జర సదువు బిడ్డా, గట్టిగ" అన్నాడు.