ఎనుము తేన్పుల్లో మేత పోతోందా?

కళ్యాణదుర్గం పాడిరైతు:
మాకు రెండు ఎనుములు. మొన్నటిదాకా బుడ్డల (వేరుశనగ) కట్టె వేసేవాళ్లం, పూటకు మూడు లీటర్లు తగ్గేది కాదు. కట్టె అయిపోయి, ఇప్పుడు కొన్న వరిగడ్డే గతి. రెండు లీటర్లు దాటితే గొప్ప. మేత సగం తేన్పుల్లో మీథేన్ గ్యాసుగా పోతుందని మా పిల్లోడు ఫోన్‌లో చూసి చెప్తున్నాడు. నిజమేనా?

తాడిపత్రి నుంచి:
సగం కాదులే. మేతలోని శక్తిలో సుమారు 6 శాతం మీథేన్‌గా పోతుంది, అదీ ఎక్కువగా నోటి నుంచే. అసలు చిక్కు వరిగడ్డిది. అందులో మాంసకృత్తులు 3, 4 శాతమే, పొట్టలోని సూక్ష్మజీవులకే చాలవు. పీచు నిదానంగా అరుగుతుంది, పాలు తగ్గుతాయి, లీటరు పాల లెక్కన చూస్తే గ్యాసు పెరుగుతుంది. ఈ లోటు తీరాలంటే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లండి. బాగా తొక్కి, గాలి చొరకుండా పట్ట కప్పి 21 రోజులు మాగబెట్టండి. తీశాక ఆరబెట్టి వేయండి. ఆరు నెలల్లోపు దూడలకు వద్దు.

పులివెందుల నుంచి:
అన్నా, యూరియా నీళ్లు మిగిలితే పారబోయి. మా పక్కింటి ఆవు బకెట్‌లో మూతిపెట్టి తాగింది, డాక్టరు వచ్చేలోపే పోయింది. నేనైతే యూరియా జోలికి పోకుండా, మాంసకృత్తులు ఎక్కువుండే దశరథ గడ్డి గట్టు మీద వేసుకున్నా.

కళ్యాణదుర్గం పాడిరైతు (నెల తర్వాత):
ఘాటుకు మొదటిరోజు మూతి తిప్పేసింది. పైన తవుడు చల్లితే తింది. పూటకు అర లీటరు పెరిగినట్టుంది. మా ఆవిడ మాత్రం చెంబు మార్చావంటోంది.