పాత ఐపాడ్ క్లాసిక్‌లో హార్డ్ డిస్క్ తీసి కార్డు వేయడం: పనికొచ్చేదా, ఉబలాటమా?

బస్సుకిటికీ:
2009లో వచ్చిన 160 జీబీ ఐపాడ్ క్లాసిక్‌ని (యాపిల్ వాళ్ల పాటల ప్లేయర్) సెకండ్ హ్యాండ్‌లో కొని, హార్డ్ డిస్క్ బదులు ఎస్‌డీ కార్డు వేసుకోవడం మేలా? లేక ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కే టైప్-సీ డాంగిల్ (వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకునే చిన్న అడాప్టర్) తగిలిస్తే చాలా? పాటలు 12 వేలు. సగం పాత తెలుగు సినిమావి, మిగతావి కర్ణాటక కచేరీలు. కొన్ని ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గని ఫైల్ రకం) ఉన్నాయి. వినేది ప్రయాణాల్లో, వైరున్న ఇయర్‌ఫోన్లతో.

టంకంకడ్డీ:
కొనే ముందు డిస్క్ ఆరోగ్యం చూడండి. మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే రీసెట్ అవుతుంది. యాపిల్ బొమ్మ రాగానే మధ్య బటన్, వెనక్కి బటన్ పట్టుకోండి. డయాగ్నస్టిక్ తెరలో ఐఓ, హార్డ్‌డ్రైవ్, హెచ్‌డీ స్మార్ట్ డేటా వరసగా తెరిస్తే రీఅలాక్స్, పెండింగ్ సెక్టర్స్ అని అంకెలు కనిపిస్తాయి. అవి పెద్దవిగా ఉంటే డిస్క్ చివరి రోజుల్లో ఉన్నట్టే. మీరు ఎలాగూ పీకేసేదే కాబట్టి, ఆ అంకెలు చూపించి బేరమాడండి.

మోడల్ కూడా సరిచూసుకోండి. 2007, 2008ల్లో వచ్చిన 80, 120 జీబీ వాటిలో యాపిల్ సాఫ్ట్‌వేర్ 128 జీబీ దాటి కార్డుని గుర్తించదు. 2009 దానికి ఆ ఇబ్బంది లేదు.

అసలు పరీక్ష డబ్బా తెరవడమే. ముందూ వెనకా రెండూ లోహం, లోపల గట్టి క్లిప్పులు. పల్చటి స్టీలు పట్టీ దూర్చి ఒక్కో క్లిప్పే వదిలించాలి. తొందరపడితే వెనక మూత అంచు వంగుతుంది, ఇక సరిగ్గా మూసుకోదు. తెరుచుకున్నాక చటుక్కున విడదీయొద్దు. బ్యాటరీ రిబ్బన్, హెడ్‌ఫోన్ రిబ్బన్ రెండూ వెనక మూత నుంచి బోర్డుకి వెళ్తాయి. ఆ గుంజుడుకి కనెక్టర్ బోర్డు మీంచి ఊడితే టంకం వేయడం అందరివల్లా కాదు.

ఫోన్‌చాలు:
ఇంత కష్టం దేనికండీ? 2014లో ఆపేసిన వస్తువు. బ్లూటూత్ లేదు, కేబుల్ 30 పిన్‌ల పాతది, ఎఫ్ఎం వినాలంటే విడిగా పరికరం కావాలి, ఫ్లాక్ ఆడదు. ఫోన్‌లో ఫోల్డర్ కాపీ చేస్తే పని అయిపోతుంది. ఫోన్‌లో మధ్యలో పాట ఆగిపోతుంటే అది బ్యాటరీ పొదుపు సెట్టింగ్ చేసే పని. ప్లేయర్ యాప్‌కి ఆ ఆంక్ష తీసేస్తే ఆగదు.

క్లిక్‌వీల్:
కాల్ వస్తే పాట ఆగదా? సందేశం మోగదా? ఐపాడ్ ముందున్న ఆ చక్రం ఉన్నది జేబులో చెయ్యి పెట్టి, తెర చూడకుండా పాట మార్చుకోవడానికి. 12 వేల పాటల్లో వేలితో గిరగిరా తిప్పుతూ ఒక పాట దగ్గరకి చేరడం టచ్ తెర మీద ఇంత సుఖంగా ఉండదు. అయితే చేతికి గ్లౌజు ఉంటే చక్రం పలకదు. జేబులో రాసుకుని శబ్దం పెరగకుండా హోల్డ్ మీట వేయడం మరవకూడదు.

ఫ్లాక్ సంగతి: ఐపాడ్ ఆడే ఏఎల్‌ఏసీ ఫైల్ రకంలోకి మారిస్తే నాణ్యత పోదు, ఫూబార్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ఫైళ్లని మాత్రం తగ్గించక తప్పదు.

ఫోన్‌చాలు:
అదే నేనూ అనేది: మార్చాలి, తగ్గించాలి, యాపిల్ వాళ్ల ఐట్యూన్స్‌తో సింక్ చేయాలి (కంప్యూటర్ నుంచి పాటలు ఎక్కించాలి). మ్యాక్‌లో ఫార్మాట్ చేసిన ఐపాడ్‌ని విండోస్ చదవదు, మళ్లీ రీస్టోర్. యాపిల్ సాఫ్ట్‌వేర్ బదులు రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే ఫ్లాక్ ఆడుతుంది, ఫోల్డర్లు తెరుచుకుంటాయి, నిజమే. కానీ అందులో తెలుగు ఒత్తులు, గుణింతాలు అక్షరంతో కలవవు. పేర్లు ఇంగ్లిష్ లిపిలో పెట్టుకోవాలి.

టంకంకడ్డీ:
అది ఒప్పుకుంటాను. డాంగిల్‌కీ తిరకాసు ఉంది మరి: యాపిల్ డాంగిల్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తక్కువ శబ్దంతోనే పలుకుతుంది. ఆ డాంగిల్ లోపలి వాల్యూమ్‌ని ఫోన్ పూర్తిగా పెంచకపోవడం వల్ల వచ్చే తంటా అది. కొనేటప్పుడే మీ ఫోన్‌కి పెట్టి వినండి. ఇక 2005 నాటి ఐపాడ్‌లోని వుల్ఫ్‌సన్ సౌండ్ చిప్పు గొప్పదా, క్లాసిక్‌లోని సిరస్ చిప్పు గొప్పదా అన్న గొడవ ఇక్కడ వద్దు. రెంటి శబ్దం సమానంగా పెట్టి, మామూలు ఇయర్‌ఫోన్లతో తేడా పట్టడం కష్టం.

డిస్క్ బదులు కార్డుని తగిలించే అడాప్టర్ వల్ల ఒక లాభం ఎవరూ చెప్పలేదు. డిస్క్ తిరగదు కాబట్టి కరెంటు ఖర్చు తగ్గుతుంది, కుదుపుకి పాడయ్యే భాగమూ ఉండదు. డిస్క్ జాగాలో 2000 ఎంఏహెచ్ చుట్టూ ఉన్న బ్యాటరీ పడుతుంది. కార్డుని ముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నింపి పరీక్షించండి. నకిలీ కార్డు సింక్ సగం దాకా బాగానే నడిచి, ఆ తర్వాత పాటలు మింగేస్తుంది.

బస్సుకిటికీ:
సినిమా పాటల ట్యాగులు (ఫైల్లో ఉండే పాట, గాయకుల వివరాలు) గందరగోళంగా ఉన్నాయి. ఒక్కో పాటకి ఒక్కో గాయకుల జంట. ఆర్టిస్టుల జాబితా కొండవీటి చాంతాడంత.

క్లిక్‌వీల్:
ఆర్టిస్టుల జాబితా జోలికే వెళ్లొద్దండీ. మ్యూజిక్ మెనూలో కంపోజర్స్ అని ఉంది. ఎంపీ3ట్యాగ్ అనే ట్యాగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో సినిమా మొత్తం ఎంచుకుని కంపోజర్ గడిలో సంగీత దర్శకుడి పేరు, ఆల్బమ్ గడిలో సినిమా పేరు, పక్కనే సంవత్సరం వేయండి. ఒకే పేరున్న సినిమాలు కలిసిపోకుండా ఉంటాయి. పేరుని అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్‌తో రాయండి. అక్షరం మారినా చుక్క మారినా ఇద్దరు వేర్వేరు మనుషులుగా లెక్కేస్తుంది. ఇదంతా సింక్‌కి ముందే చేసుకోండి, తర్వాత దిద్దితే మళ్లీ సింక్ చేయాలి.